కదురు కాలు ఎక్కడ మోపాలి: ఎనిమిది కదుళ్ల చరఖా కేస్ స్టడీ

మా లేత్ షాపు ఆదోనిలో, పత్తి మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఉంది. పత్తి వ్యాపారంలో ఈ ఊరిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవారు. ఆ పేరు సంగతి ఎలా ఉన్నా, మాకు తిండి పెడుతున్నది ఇప్పటికీ పత్తే. వచ్చే పనిలో ముప్పాతిక వంతు జిన్నింగ్ మిల్లుల షాఫ్టులు, బుష్షులు, అరిగిన రోలర్లు. అన్నీ బరువైన సరుకులు, ఇద్దరు పట్టి దించాల్సినవి. అలాంటి చోటికి మార్చి చివరి వారంలో ఒక మధ్యాహ్నం, ఎమ్మిగనూరు దారిలోని ఒక పల్లె నుంచి తల్లీకొడుకులు ఆటోలో ఒక చరఖా తెచ్చారు. గోనెపట్టా చుట్టి, పసిబిడ్డను దించినంత జాగ్రత్తగా దించారు. ఎనిమిది కదుళ్ల అంబర్ చరఖా.

ఆమె నూలు వడికి అమ్ముతుంది. కొడుకు ఐటీఐ చదివాడు. యంత్రం బరువుగా తిరుగుతోందని తల్లి అంటే, పాత బుష్షులన్నీ పీకేసి కర్నూలు నుంచి బాల్ బేరింగులు తెచ్చి బిగించాడు.

"మునుపు బరువుగా ఉండేదన్నా, ఇప్పుడు మొరాయిస్తోంది. సాయంత్రానికి భుజం పట్టేస్తోంది. పాతవే నయమేమో" అంది ఆమె.

"కంపెనీ సరుకే మామా. ఒక్కో కదురుకు పైన ఒకటి, కింద ఒకటి. మొత్తం పదహారు కొన్నాను. చేత్తో పట్టుకుంటే ఎంత నున్నగా తిరుగుతున్నాయో చూడండి" అన్నాడు కుర్రవాడు. డబ్బు పోయిందన్న బాధ కన్నా తన చదువు మీద మాట పడిందన్న బాధే అతని మొహంలో ఎక్కువగా కనిపించింది.

ఒక కదురును రెండు వేళ్లతో గట్టిగా తిప్పి వదిలాను. వేళ్లు తీసిన చోటే ఆగిపోయింది, తేనెలో గరిటె తిప్పినట్టు. బేరింగు నున్నగానే ఉంది, ఎక్కడా గరగర లేదు. కానీ నున్నగా తిరగడం వేరు, తేలిగ్గా తిరగడం వేరు. ఈ తేడా మాకూ తొందరగా పట్టుబడదు. జిన్నింగ్ మిల్లు షాఫ్టు మీద రెండు వేల కిలోల బరువు పడుతుంటే బేరింగులోని గ్రీజు ఎంత అడ్డుపడుతోందని ఎవరూ అడగరు. మూడు వందల గ్రాముల కదురు దగ్గర అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

యంత్రం గురించి కొంచెం చెప్పాలి. మామూలు రాట్నంలో కదురు అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని బరువును రెండు చివర్లూ పంచుకుంటాయి. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన అంబర్ చరఖా వేరే జాతిది. మిల్లుల్లో నూలు వడికే రింగ్ ఫ్రేము అనే యంత్రాన్ని చిన్నది చేసి చేతి పిడికి తగిలించినట్టు ఉంటుంది. కదుళ్లు నిలువుగా నిలబడతాయి. పిడి తిప్పితే పెద్ద చక్రం, దాని నుంచి దారపు బెల్టు, బెల్టు నుంచి ప్రతి కదురు మీదా ఉన్న చిన్న గిలక. పిడి నిమిషానికి కొన్ని పదుల చుట్లు తిరిగితే కదురు వేలల్లో తిరుగుతుంది. ఈ లెక్కలన్నిటికీ నేను 5000 చుట్లు అనుకున్నాను. కదురు నిలువుగా ఉంది కాబట్టి దాని బరువు, బాబిన్ బరువు, చుట్టుకున్న నూలు బరువు అన్నీ అడుగునే మోయాలి. ఇలా ఇరుసు పొడవునా పడే బరువును మోసేదే థ్రస్ట్ బేరింగ్. పక్కకు లాగే బెల్టు బిగువును మెడ దగ్గరి బేరింగు చూసుకుంటుంది. ఆ రెండు పనులనూ విడివిడిగా చూడకపోతే ఈ యంత్రం అర్థం కాదు.

ముందుగా దోషం ఎక్కడుందో తేల్చాలి. కుర్రవాడు వేసినవి 608-2ఆర్ఎస్ బేరింగులు. లోపలి రంధ్రం 8 మి.మీ., బయటి వ్యాసం 22, మందం 7. పిల్లల స్కేటింగ్ చక్రాల్లో ఉండే రకమే. 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు. ఆ సీలు పెదవి లోపలి రింగును ఒరుసుకుంటూ ఉంటుంది. దుమ్ము లోపలికి రాకుండా, గ్రీజు బయటికి పోకుండా కాపాడేది ఆ ఒరుసుకోవడమే. మోటారుకు అది వరం. ఇక్కడ మాత్రం ఒక్కో కదురుకు నాలుగు రబ్బరు పెదవులు, రెండు గ్రీజు ముద్దలు, నిమిషానికి 5000 చుట్లు. దుమ్ము రాకుండా కాపాడిన సీళ్లే ఆ తల్లి భుజం మీద స్వారీ చేశాయి. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. వడికేవాళ్ల సామెత వడికే యంత్రానికే ఇంత చక్కగా అతకడం చూసి ఆమె కూడా నవ్వింది.

పాత బుష్షులు ఎందుకు బరువెక్కాయని అడిగాను. ఆమె సంచిలోంచి ఒక సీసా తీసింది. ఆముదం. ఇంట్లో ఉంటుంది, చిక్కగా ఉంటుంది, కారిపోదు. ఇరుసుకు ఆముదం పెట్టడం ఎడ్లబండి నాటి నుంచి ఉన్న అలవాటు, బండికి అది సరైనదే కూడా. కానీ 40 డిగ్రీల వేడిలో ఆముదం చిక్కదనం దాదాపు 250 సెంటీస్టోక్స్. మిల్లుల్లో కదుళ్లకు వాడే ఐఎస్ఓ వీజీ 10 స్పిండిల్ ఆయిల్ అదే వేడిలో 10 సెంటీస్టోక్స్. అంటే ఇరవై అయిదు రెట్ల తేడా. ఇంకో చిత్రం: ప్రపంచమంతా నూనెల చిక్కదనాన్ని కొలిచి ముద్ర వేసే ఆ 40 డిగ్రీలు మన ఏప్రిల్ మధ్యాహ్నపు వేడే. డబ్బా మీది అంకెను ఏ సవరణా లేకుండా వాడుకునే అదృష్టం మన జిల్లాకుంది.

అసలు కొలత

వేలితో తిప్పి చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. 100 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం బిళ్లను లేత్ మీద తీసి, బాబిన్ ఉండే చోట కదురుకు తొడిగాను. బిళ్ల 106 గ్రాములు, కదురు 200. మొత్తం బరువు నూలుతో నిండిన బాబిన్ ఉన్నప్పటి బరువుకు దగ్గరగానే ఉంది. గిలకకు బొంగరానికి చుట్టినట్టు జాటీ చుట్టి లాగి, వేగం 1000 చుట్ల నుంచి 500కు పడిపోవడానికి ఎంతసేపు పట్టిందో చూశాను. వేగానికి లేజర్ టాకోమీటర్, కాలానికి ఫోను.

ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. బిళ్ల కొలతలు తెలుసు కాబట్టి దాని జడత్వం తెలుసు. లెక్క వేస్తే 1000 నుంచి 500కు రావడానికి బిళ్ల వదులుకోవలసింది 7 న్యూటన్-మిల్లీమీటర్-సెకన్లు. కాబట్టి 7ను పట్టిన సెకన్లతో భాగిస్తే, కదురును పట్టి ఆపుతున్న సగటు టార్క్, అంటే తిరగకుండా అడ్డుపడే మెలితిప్పు బలం, న్యూటన్-మిల్లీమీటర్లలో నేరుగా వచ్చేస్తుంది. కాగితం, పెన్సిలు చాలు.

కుర్రవాడు వేసిన రెండు సీలు బేరింగులతో బిళ్ల సెకను కూడా నిలవలేదు. టాకోమీటర్ అందుకోలేకపోయింది. ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే 0.7 సెకను. అంటే 10 న్యూటన్-మిల్లీమీటర్లు. వినడానికి ఇది ఏమూలకూ రాని అంకె. దీన్ని 5000 చుట్ల వేగానికి తీసుకెళ్తే ఒక్కో కదురు 5 వాట్లు మింగుతుంది. ఎనిమిదీ కలిపి 40 వాట్ల పైమాట. మనిషి చేత్తో పిడి తిప్పుతూ గంటల తరబడి ఇవ్వగలిగింది ఇంచుమించు అంతే. నూలు లాగడానికి, పురి ఎక్కించడానికి ఇక మిగిలేదేమిటి? ఆమె భుజం పట్టేయడం సోమరితనమూ కాదు, వయసూ కాదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆమె అంకెల వైపు చూడలేదు, కొడుకు వైపు చూసింది.

సీళ్లు ఊడదీసి, బేరింగులను పెట్రోలుతో కడిగి గ్రీజు పోగొట్టి, రెండేసి చుక్కలు పలుచని నూనె వేశాను. అవే బేరింగులు. ఈసారి 17 సెకన్లు. టార్క్ 10 నుంచి 0.4కు దిగింది. నిజానికి అక్కడితో ఆపి డబ్బు తీసుకుని పంపించేయవచ్చు. కానీ అడుగున బరువు మోయడానికి పక్క బరువు మోసే బేరింగును వాడటం నా మనసుకు ఎక్కలేదు. పైగా కింద సీలు లేకుండా తెరిచి ఉన్న బేరింగులో దూది పీచు చేరితే నెలలోపే మళ్లీ మొదటికొస్తుంది.

థ్రస్ట్ బేరింగు అనే పేరు చూసి మోసపోవడం

"మరి అసలైన థ్రస్ట్ బేరింగే వేద్దాం మామా" అన్నాడు కుర్రవాడు. న్యాయమైన మాటే. 51100 నంబరు థ్రస్ట్ బేరింగు తెప్పించాను. 10 మి.మీ. రంధ్రం, 24 వ్యాసం, 9 ఎత్తు. రెండు ఉక్కు బిళ్లలు, మధ్య పంజరంలో గోలీలు. 8 మి.మీ. కదురుకు సరిపోయేలా బుష్షు తొడిగి, గ్రీజు కడిగి, నూనె వేసి కూర్చోబెట్టాను. 11 సెకన్లు.

పేరులోనే థ్రస్ట్ ఉన్నది, థ్రస్ట్ మోయడానికే పుట్టినది, మామూలు 608 కన్నా వెనకబడింది. కారణం వెతికితే దొరుకుతుంది. ఆ బేరింగు వందల కిలోలు మోయడానికి చేసింది. గోలీలు దొర్లాలంటే వాటిని బిళ్లల మధ్య గట్టిగా నొక్కి ఉంచే బరువు కావాలి. వేగం పెరిగే కొద్దీ గోలీలు బయటికి విసిరికొట్టుకుంటాయి, కాబట్టి కావలసిన కనీస బరువు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. మన మూడు వందల గ్రాములు దానికి ఈగ వాలినట్టు. గోలీలు దొర్లడం మానేసి జారతాయి. వేగం పెంచితే గలగల చప్పుడు కూడా వినిపించింది. దానికితోడు రెండు బిళ్లలూ ఒకదానికొకటి ఖచ్చితంగా సమాంతరంగా ఉండాలి. కర్ర చట్రం మీద కట్టిన చరఖాలో, ఎండకు కర్ర వంగే ఊళ్లో, ఆ ఖచ్చితత్వం కలలో మాట. ఏనుగును మోసే బండి మీద ఎలుకను ఎక్కించినట్టయింది.

నూనె సంగతి అలా ఉంచితే, రాపిడి తగ్గించడానికి నాకు కనిపించినవి రెండు దారులు. ఒకటి, జారే చోట దొర్లించడం. రెండోది, జారనిచ్చి, ఆ జారే చోటును ఇరుసు నడిమధ్యకు తెచ్చేయడం. తలుపును గొళ్లెం దగ్గర తోస్తే కదులుతుంది, బందు పక్కన తోస్తే కదలదు. రాపిడి కూడా అంతే. బందు పక్కన నిలబడి ఎంత తోసినా తలుపును ఆపలేదు. బొంగరం మేకు మొన మీద తిరిగేది ఈ దారిలోనే. కుమ్మరి సారె ఒక్క మొన మీద కూర్చుని అంత మట్టినీ మోస్తూ తిరిగేది ఈ దారిలోనే. మునుపు ప్రతి ఇంటి వరండాలో ఉండే నల్లటి కరెంటు మీటరు గుర్తుందా? లోపల అల్యూమినియం చక్రం రాత్రింబగళ్లు, ఏళ్ల తరబడి తిరిగేది. అడుగున దాన్ని మోసింది చిన్న నీలపు రాయి గుంట, దాని మీద ఆవగింజంత ఉక్కు గుండు. అక్కడ రాపిడి కొంచెం పెరిగినా మీటరు తక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ గుండు, ఆ రాయి మీద ఎంత శ్రద్ధ పెట్టి ఉంటారో ఊహించుకోవచ్చు. మిల్లుల రింగ్ ఫ్రేము కదుళ్లు కూడా అంతే. పైన మెడ దగ్గర రోలర్ బేరింగు, అడుగున నూనెలో మునిగిన ఫుట్‌స్టెప్ అనే ఆనుడు దిమ్మ, దాని మీద కదురు గుండ్రని మొన. మిల్లు వాళ్లు ఎప్పుడో తేల్చిన సంగతిని నేను మళ్లీ చుట్టూ తిరిగి చేరుకున్నానని ఒప్పుకోవాలి.

గుంట తీయడం నా తప్పు

కదురు అడుగున 6 మి.మీ. ఉక్కు గుండు అతికించాలనుకున్నాను. సైకిల్ షాపులో దొరికే రకమే, గట్టిదనం సరిపోతుంది. లేత్ మీద కదురు చివర సెంటర్ డ్రిల్లుతో చిన్న పడక తీసి, గుండును జిగురుతో కూర్చోబెట్టాను. ఇక్కడ తొందర పనికిరాదు. గుండు నడిమధ్య కదురు నడిమధ్యకు పావు మిల్లీమీటరు తప్పినా కదురు కుంటుతుంది. ఆ కుంటు మెడ బేరింగుకు చేరి చప్పుడవుతుంది.

ఇక గుండు కింద ఏముండాలి? చేతి అలవాటు కొద్దీ కింద ఇనుప బిళ్లలో కూడా అదే సెంటర్ డ్రిల్లుతో శంకువులాంటి గుంట తీశాను. గుండు అందులో కుదురుగా కూర్చుంటుంది, పక్కకు పోదు. చూడటానికి ముచ్చటగా ఉంది. తిప్పితే 4 సెకన్లు! ఏనుగు బండి కన్నా అధ్వానం.

ఆ రాత్రి భోజనం చేస్తూ కంచం పక్కన లెక్క వేశాను. సెంటర్ డ్రిల్లు గుంట కోణం 60 డిగ్రీలు. 6 మి.మీ. గుండు ఆ గుంట అడుగున ఆనదు, పక్క గోడలకు వలయంగా ఆనుతుంది. ఆ వలయం వ్యాసార్ధం 2.6 మి.మీ. గోడలు వాలుగా ఉన్నాయి కాబట్టి అక్కడి ఒత్తిడి బరువుకు రెట్టింపు. రాపిడి గుణకం 0.1 అనుకుంటే 3 న్యూటన్ల బరువుకు టార్క్ 1.5 న్యూటన్-మిల్లీమీటర్ల పైన. నేను కొలిచిందీ దాదాపు అంతే. నడిమధ్యకు తేవాలనుకున్న రాపిడిని నా చేత్తో నేనే గొళ్లెం దగ్గరికి తీసుకెళ్లి పెట్టాను.

గుంట తీసేసి చదునుగా చేస్తే? జర్మనీ శాస్త్రవేత్త హెర్ట్జ్ 1880ల తొలినాళ్లలో ఇచ్చిన సూత్రం ఇందుకే ఉంది. రెండు గట్టి వస్తువులు ఆనుకున్న చోట ఎంత మేర నొక్కుకుంటాయో అది చెబుతుంది. అదే గుండు, అదే బరువు, కింద చదునైన కార్బైడ్ (ఉక్కును కోసే పనిముట్లకు వాడే అతి గట్టి పదార్థం) బిళ్ల అనుకుంటే ఆనే చోటు వ్యాసార్ధం 0.034 మి.మీ. వ్యాసం తీసుకున్నా తల వెంట్రుక మందమే. టార్క్ 0.006 న్యూటన్-మిల్లీమీటర్లు. గుంటతో పోలిస్తే 250 రెట్లు తక్కువ. గుండు మారలేదు, నూనె మారలేదు, బరువు మారలేదు. కింద ఉన్న ఆకారం ఒక్కటే మారింది.

కానీ వెంట్రుకంత చోటులో మూడు వందల గ్రాములు అంటే మాటలు కాదు. ముందు చేతికందిన మెత్తని ఇనుప బిళ్లనే చదును చేసి పెట్టాను. లెక్క ప్రకారం దాని మీద చదరపు మిల్లీమీటరుకు 950 న్యూటన్ల దాకా పడుతుంది. మెత్తని ఇనుము 250 దగ్గరే లొంగడం మొదలుపెడుతుంది. రెండు రోజులు తిప్పి భూతద్దంతో చూస్తే గుండు తన గుంటను తానే తవ్వుకుంది, నేను పూడ్చిన తప్పును ఇనుము మళ్లీ చేసి పెట్టింది. గాజు ముక్క పెట్టి చూశాను. తిరిగినంతసేపు అద్భుతం, బాబిన్ తొడిగేటప్పుడు పడే దెబ్బకు పగిలింది. షాపులో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన బేతంచెర్ల రాయి పెట్టమన్నాడు. నేలకు అంతకన్నా చల్లనిది లేదు, నిజమే. కానీ అది సున్నపురాయి, గట్టిదనం మోస్ కొలతలో 3. ఉక్కు గుండు కింద సున్నమైపోతుంది. ఇంకొకాయన, తొలకరి దాకా ఆగితే జొన్నగిరి చేలల్లో వజ్రం దొరుకుతుందని, ఎనిమిది దొరికితే పని అయిపోతుందని అన్నాడు. ఒక్కటి దొరికినా ఆ తల్లి చరఖా ఎందుకు తిప్పుతుంది?

అయస్కాంతాల సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఈ పని గురించి విన్న ప్రతివాడూ అదే అడిగాడు. ఒకదాన్నొకటి తోసుకునే రెండు రింగు అయస్కాంతాలు పెట్టి కదురును గాల్లో నిలపవచ్చు కదా అని. పక్క ఆధారం లేకుండా అలా నిలవదని ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త ఎర్న్‌షా 1842లోనే నిరూపించాడు. పక్క ఆధారం ఇస్తే నిలుస్తుంది. కానీ మిగిలిన 0.006 కోసం అంత తతంగమా? పైగా లేత్ షాపులో అయస్కాంతం పెడితే సాయంత్రానికి దానికి ఇనుప రజను గడ్డం మొలుస్తుంది.

జవాబు నా కాళ్ల దగ్గరే ఉంది. లేత్ కింద రేకు డబ్బాలో వాడి పారేసిన కార్బైడ్ ఇన్సర్టులు, అంటే లేత్ పనిముట్టు కొనకు బిగించే కోత బిళ్లలు. మొనలు అరిగితే మాకు చెత్త, మధ్య భాగం కొత్తదే. నడుమ రంధ్రం లేని, చదునైన చదరపు రకం ఎస్‌పీయూఎన్ ఇన్సర్టులు ఎనిమిది ఏరాను. పై తలాన్ని వజ్రపు పేస్టుతో అద్దంలా మెరుగు పెట్టాను. ఒక్కోదానికి పావుగంట పట్టింది. చిన్న ఇత్తడి గిన్నె అడుగున ఇన్సర్టు, దాని మీద నూనె, నూనెలో గుండు. చదునైన బిళ్ల మీద గుండుకు ఇదే చోటు అని ఉండదు కాబట్టి చట్రం వంగినా, గిన్నె అర మిల్లీమీటరు పక్కకు కూర్చున్నా ఫరవాలేదు. కదురును నడిమధ్య నిలపడం మెడ బేరింగు పని. అక్కడ రబ్బరు సీళ్లకు బదులు ఒరుసుకోని రేకు మూతలుండే 608-జెడ్‌జెడ్ వేసి, గ్రీజు కడిగి, పలుచని నూనె వేశాను.

33 సెకన్లు. టార్క్ 0.21. ఇందులో అడుగు వాటా లేనట్టే. మిగిలింది మెడ బేరింగు, కొంత గాలి. ఆ వేగంలో బిళ్ల గాలిని కోయడానికి అయ్యేదే 0.06 ఉంటుందని లెక్క. గాలి పేరు లెక్కలోకి వచ్చిందంటే పని ఒక ఒడ్డుకు చేరినట్టే.

ఏడో కదురు

ఎనిమిదీ బిగించాక ఏడు కదుళ్లు 30 సెకన్లకు అటూ ఇటూ తిరిగాయి. ఒకటి మాత్రం 14 దగ్గర ఆగిపోయింది, చట్రంలో ఎడమ నుంచి ఏడోది. గుండు మార్చాను, ఇన్సర్టు మార్చాను, గిన్నె మార్చాను. అదే 14. కుర్రవాడే కనిపెట్టాడు. గిన్నెలో నూనె తుడిచి, బీడీ కట్ట మీది పలుచని కాగితం ముక్కను గుండు కిందికి దూర్చి లాగాడు. కాగితం నలగకుండా వచ్చేసింది. గుండు బిళ్లను తాకనేలేదు!

కదురు మెడ బేరింగు లోపలి రింగులో బిగుసుకుని, అక్కడి నుంచే వేలాడుతోంది. అడుగున అంత తంటాలు పడి కట్టిన సింహాసనం ఖాళీగా ఉంది, బరువంతా పైన 608 మోస్తోంది. ఎమరీ కాగితంతో కదురును మిల్లీమీటరులో యాభయ్యో వంతు పలుచన చేశాక, అంటే 0.02 మి.మీ. తీశాక, తన బరువుతో తానే జారి కిందికి దిగింది. 31 సెకన్లు. ఆ తర్వాత మిగతా ఏడింటినీ కాగితంతో పరీక్షించాం. ఆ రోజు నుంచి అతను తల్లి ముందు కొంచెం నిటారుగా నిలబడటం గమనించాను.

పిడి తిప్పి చూసి ఆమె ఏమీ అనలేదు. ఇంకొకసారి తిప్పింది. తర్వాత పిడి మీంచి చేయి తీసేసి, తనంతట తాను తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ నిలబడింది.

వారం తిరక్కుండా ఫోను. "అన్నా, బాబిన్ తీస్తుంటే కదురు కూడా పైకి వచ్చేస్తోంది." అవును, వస్తుంది. కుర్రవాడు బిగించిన బేరింగుల్లో కదురు ఇరుక్కుని ఉండేది. ఇప్పుడు కేవలం ఆని ఉంది. రింగ్ ఫ్రేములో ఇందుకే కదురు లేవకుండా గిలక అంచును పట్టి ఉంచే కొక్కెం ఉంటుంది. మిల్లు కదురును ఆదర్శంగా తీసుకున్నవాడిని దాని కొక్కేన్ని మరిచిపోయాను. లేచిన ప్రతిసారీ గుండుకు దూది పీచు అంటుకుని గిన్నెలోకి దిగుతోంది, పీచు నూనెను పీల్చేస్తోంది. స్ప్రింగు తీగతో ఎనిమిది కొక్కేలు వంచి, గిన్నెల మీద చిన్న రేకు మూతలు పెట్టి వచ్చాను. ఆ రాకపోకల ఖర్చు నాదే.

అక్కడే ఇంకో ఫిర్యాదు సిద్ధంగా ఉంది. పిడి ఆపినా కదుళ్లు ఆగడం లేదు. నూలు తెగినప్పుడు పిడి ఆపి అతుకు వేసేలోపు మిగతా దారాలకు పురి ఎక్కువై మెలికలు పడుతున్నాయి. మునుపు సీళ్లే బ్రేకులా పనిచేసేవి. నెల రోజులు రాపిడిని వేటాడి తరిమినవాడిని, దాన్ని మళ్లీ పిలిచి పీట వేయవలసి వచ్చింది. మిల్లు కదుళ్లకు మోకాలితో నొక్కే బ్రేకు ఉంటుంది. ఇక్కడ పెద్ద చక్రం అంచుకు ఆనేలా ఒక చెక్క, దానికి సైకిల్ ట్యూబు ముక్క, కాలితో తొక్కే తాడు. కావాలన్నప్పుడే రాపిడి.

అయిదు నెలల తర్వాత ఒక కదురు విప్పి చూశాను. గుండు అడుగున 0.3 మి.మీ. వ్యాసంతో చిన్న చదును మచ్చ పడింది. మొదటి రోజు ఆనిన చోటు కన్నా నాలుగు రెట్లు పెద్దది. దాని ప్రకారం టార్క్ 0.03కు పెరిగి ఉండాలి. కొత్త సీలు బేరింగులతో పోలిస్తే ఇప్పటికీ మూడు వందల వంతులో ఒక వంతు. ఇన్సర్టు మీద గీత కూడా లేదు. గుండ్లు ఏడాదికోసారి మారిస్తే చాలని చెప్పాను, ఎనిమిదికీ కలిపి ఒక టీ ఖర్చు కూడా కాదు. నూనె మాత్రం పది రోజులకోసారి చుక్క వేయాలి, కుట్టుమిషన్ నూనె అయినా సరే. ఆముదం సీసా ఎక్కడ పెట్టావమ్మా అని అడిగితే, తలకు రాసుకుంటున్నాలే అన్నా అంది.